ముగ్గు పోయకముందే పిలుద్దాం

(పదిమందికి పనికొచ్చే పనిని ఆ పదిమందితోనే కలిసి రూపొందించుకోవడం ఎలా? ఒక అధ్యయన పాఠం)

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్ళలోనూ సేవాకార్యక్రమాలకు కొదవ లేదు. ఒకచోట షాదీఖానా, ఒకచోట కుట్టు శిక్షణ కేంద్రం, ఇంకోచోట మంచినీటి ప్లాంటు, మరోచోట పిల్లలు సాయంత్రం పూట కూర్చుని చదువుకునే గది. ఇవన్నీ దాతల సొమ్ముతో నిలబడేవే. ఆ సొమ్ము మన చేతిలో అమానత్. లెక్క తప్పకూడదని రసీదు పుస్తకాలు రాస్తాం, ఆడిట్ చేయిస్తాం. అయితే ఆ సొమ్ముతో కట్టిన గదికి ఏడాది పొడుగునా తాళం వేసి ఉంటే, కొన్న మిషన్లు గోనెపట్టా కప్పుకొని మూలన పడి ఉంటే, ఆ సంగతి ఏ ఆడిట్‌లో తేలుతుంది? ఖర్చు పైసాతో సహా సరిపోతుంది. ప్రయోజనం మాత్రం కనపడదు.

ఇలా జరగడానికి కారణం చాలాసార్లు దురుద్దేశం కాదు, అవినీతీ కాదు. కమిటీ పెద్దలు కూర్చుంటారు. తెలిసిన ఇంజనీరు ప్లాను గీస్తాడు. అంచనా తయారవుతుంది, మేస్త్రీ కుదురుతాడు, పని అయిపోతుంది. రేపు ఆ చోటును వాడుకోవలసిన వాళ్ళకు మొదటి కబురు ప్రారంభోత్సవం కరపత్రంతోనే అందుతుంది. అప్పటికి మార్చడానికి ఏమీ మిగలదు. మెచ్చుకోవడం ఒక్కటే మిగులుతుంది.

ఇల్లు కట్టేటప్పుడు మన మేస్త్రీలు ముందుగా నేలమీద ముగ్గు పోస్తారు. ముగ్గు ఉన్నంతవరకు గోడ ఎటైనా జరుగుతుంది. కాలితో చెరిపి మళ్ళీ పోయవచ్చు. పునాది పడ్డాక ఆ అవకాశం ఉండదు. ఈ వ్యాసం చెప్పే మాట ఇదే: వాడుకునేవాళ్ళను ముగ్గు పోయకముందే పిలవాలి. వాళ్ళ మాటకు గోడను జరిపే బలం ఉన్నప్పుడే అడగాలి. ఆ తర్వాత ఎంత మర్యాదగా అడిగినా అది సలహా అడగడం కాదు, సమాచారం చెప్పడం మాత్రమే.

ఎవరిని పిలవాలి?

వార్తాపత్రికల్లో 'స్టేక్‌హోల్డర్లు' అనే మాట తరచు కనిపిస్తుంది. 'భాగస్వాములు' అని కూడా రాస్తున్నారు. డబ్బు పెట్టినవాడే భాగస్వామి అని మన వాడుక. ఇక్కడ అర్థం అంతకంటే విశాలం. ఒక పని వల్ల ఎవరి జీవితంలో మంచో చెడో జరుగుతుందో వాళ్ళందరూ ఆ పనికి సంబంధితులే. వాళ్ళెవరో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. దీన్ని ఎవరు వాడతారు? రోజూ ఎవరు నడుపుతారు? దీనివల్ల ఎవరికి ఇబ్బంది కలగవచ్చు?

మొదటి ప్రశ్న అందరికీ తడుతుంది. రెండోది కొందరికే తడుతుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు, మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయిస్తారు అన్నవి ఆ కోవలోవే. మూడోదాన్ని మనం సాధారణంగా మరచిపోతాం. మంచినీటి ప్లాంటు పెడితే వాడిన నీళ్ళు ఎవరి వాకిట్లోకి పారతాయి? షాదీఖానా కడితే రాత్రి పదకొండు గంటలకు ఎవరి నిద్ర చెడుతుంది? ఆ ఇంటివాళ్ళను ముందు పలకరిస్తే వాళ్ళు పొరుగువాళ్ళుగానే ఉండిపోతారు. పలకరించకపోతే ఫిర్యాదుదారులవుతారు.

మష్వరా అనే మాట మన ఇళ్ళలో కొత్తది కాదు. పెళ్ళి సంబంధమైనా, ఇంటి కొనుగోలైనా నలుగురిని అడగనిదే ముందుకు వెళ్ళం. ఇంటి విషయంలో పాటించే ఈ పద్ధతిని సంస్థ పనిలో ఎలా పాటించాలో నేర్పే ఉదాహరణలు దూరాన వెతకనక్కరలేదు. మొదటిది రోజూ మన కంచంలోనే ఉంది.

బాపట్ల బియ్యం నేర్పే పాఠం

బియ్యం బస్తామీద కనిపించే 'బీపీటీ' అన్న అక్షరాలు బాపట్ల పేరుకు పొట్టిరూపం. బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, బాపట్ల పరిశోధనల ఫలితంగా 1986లో విడుదలైంది. సన్నగింజ, మెత్తని అన్నం, మంచి ధర. రైతు, మిల్లరు, వ్యాపారి, వండే ఇల్లాలు, తినే మనిషి అందరూ మెచ్చిన రకం అది. కాని దానికో బలహీనత ఉంది. బాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులును తట్టుకోలేదు.

తెగులును తట్టుకునే రకం వేసుకోండి అని రైతుతో చెప్పడం తేలిక. అయితే పండినదాన్ని కొనేవాడు కావాలి, కొన్నదాన్ని తినేవాడు మెచ్చాలి. గింజ మారితే ధర పోతుంది, ధర పోతే రైతు ఆ విత్తనం ముట్టుకోడు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అక్కడి వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి పనిచేసినప్పుడు ఈ చిక్కునే ముందుంచుకున్నారు. తెగులును ఎదిరించే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చారు. అలా వచ్చిన మొక్కలను తిరిగి తిరిగి అసలు సాంబ మసూరితోనే సంకరం చేస్తూ, గింజ గుణం చెడకుండా కాపాడుకుంటూ వచ్చారు. అలా రూపొందిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది.

ఇందులో మనకొక సూత్రం దొరుకుతుంది. ఏ పని మొదలుపెట్టినా 'ఏం మార్చాలి?' అని అడుగుతాం. అది సగం ప్రశ్న. 'ఏది మారకూడదు?' అన్నది మిగతా సగం. పాత మదర్సా గదిని కూల్చి కొత్తది కట్టాలనుకున్నప్పుడు, ఆ గది ముందున్న వేపచెట్టు నీడలోనే పిల్లల తల్లులు కూర్చుంటున్నారేమో కనుక్కోవాలి. ప్లానులో ఆ చెట్టు అడ్డుగా ఉన్న ఒక చుక్క. తల్లులకు అదే వరండా.

కాలువ చివరి పొలం

రెండో ఉదాహరణ మన కాలువలది. విజయవాడ దగ్గర కృష్ణమీద ఆనకట్ట 1855లో పూర్తయింది. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. అక్కడినుంచి బయలుదేరిన పశ్చిమ డెల్టా కాలువలు తెనాలి ప్రాంతం దాటుకుంటూ రేపల్లె, బాపట్ల శివారు భూములవరకు వెళతాయి. ఎగువన ఉన్న రైతుకు నీళ్ళు కళ్ళముందు పారుతుంటాయి. శివారు రైతు మాత్రం కాలువలో నీళ్ళు ఎప్పుడొస్తాయా అని గట్టుమీద కాపు కాస్తాడు. కాగితంమీద ఇద్దరి పొలాలూ ఒకే ఆయకట్టు. గట్టుమీద ఇద్దరి కథ వేరు.

ఈ తేడాను గుర్తించే ప్రయత్నం 1997లో జరిగింది. సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతులకు పాత్ర ఇస్తూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. అదే సంవత్సరం పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఆ చట్టంలో మనం గమనించవలసిన ఏర్పాటు ఒకటుంది. సంఘం పరిధిని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడదీశారు. అంటే ఎగువవాళ్ళే అన్ని కుర్చీలూ నింపకుండా, చివరి పొలాలనుంచి కూడా ఒక మనిషి కమిటీలో కూర్చునే వీలుంది. ఏ పని ముందు చేయాలో తేల్చడానికి ఇంజనీరు, రైతులు కలిసి కాలువ వెంట నడిచి చూడడం కూడా అలవాటులోకి వచ్చింది. గుర్రపుడెక్క ఎక్కడ పేరుకుందో, తూము ఎక్కడ విరిగిందో, గట్టు ఎక్కడ కోసుకుపోయిందో కాగితం చూసి చెప్పడం వేరు, నడిచి చూపించడం వేరు.

లోటు కూడా చూడాలి. సంఘంలో చోటు దొరకడానికి ఆధారం భూమి. కాని డెల్టాలో పొలం చేసేవాళ్ళలో నోటిమాటమీద కౌలుకు తీసుకున్నవాళ్ళు చాలామంది. పట్టా ఒకరిది, చెమట ఇంకొకరిది. నాట్లు, కలుపు, కోతల్లో సగానికి పైగా పని ఆడవాళ్ళది, కాగితంలో పేరు మగవాళ్ళది. నీటి అవసరం ఎవరికి ఎక్కువ తెలుసో వాళ్ళే సమావేశానికి దూరంగా మిగిలిపోవడం ఇలాగే జరుగుతుంది. తర్వాతి సంవత్సరాల్లో ఈ సంఘాల ఎన్నికలు క్రమం తప్పాయి. 2024 డిసెంబరులో మన రాష్ట్రంలో మళ్ళీ జరిగాయి.

మనకు అందే పాఠం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఒకటి, ప్రతి పనిలోనూ ఒక 'శివారు' ఉంటుంది. మొహల్లాలో చివరి సందు, ఫీజు కట్టలేని ఇల్లు, సమావేశానికి రాని వితంతువు, వీల్‌చైర్‌లో ఉన్న కుర్రవాడు ఆ శివారు. వాళ్ళకొక కుర్చీ ముందే కేటాయించాలి. రెండు, సభ్యత్వ జాబితా, వాడుకునేవాళ్ళ జాబితా ఒకటి కావు. మొదటిదాన్ని చూసి రెండోవాళ్ళనూ అడిగేశామనుకోకూడదు.

తలుపు తెరిచినా లోపలికి రానివాళ్ళు

మూడో ఉదాహరణ ప్రాణాలకు సంబంధించింది. 1977 నవంబరు 19 నాటి తుఫాను, ఉప్పెన మన తీరం మరచిపోలేనివి. దివిసీమ ఎక్కువగా దెబ్బతింది. అధికారిక లెక్కల్లోనే పదివేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కోస్తా పొడవునా తుఫాను షెల్టర్ల నిర్మాణం ఊపందుకుంది. 1990 మే నెలలో మరో పెను తుఫాను కృష్ణా ముఖద్వారం ప్రాంతంలోనే తీరం దాటినప్పుడు మృతుల సంఖ్య వెయ్యి లోపు ఉంది. ముందస్తు హెచ్చరిక, జనాన్ని తరలించడం, తలదాచుకునే కట్టడాలు కలిసి అన్ని ప్రాణాలు నిలిపాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కాబట్టి ఇది మనకు పాతకథ కాదు.

కట్టడం ఉన్నంతమాత్రాన మనుషులు వస్తారా? ఈ ప్రశ్నకు జవాబు బంగాళాఖాతం ఆవలి ఒడ్డునుంచి వచ్చింది. 1991 ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన తుఫానులో లక్షా ముప్పైవేలకు పైగా చనిపోయారు. వాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళూ పిల్లలూ చాలా ఎక్కువ. కారణాలు వెతికినవాళ్ళకు తెలిసింది ఇది: చాలాచోట్ల షెల్టర్లు చాలినన్ని లేవు. ఉన్నచోట కూడా ఆడవాళ్ళు వెళ్ళడానికి వెనకాడారు. పరాయి మగవాళ్ళమధ్య ఒకే హాలులో రాత్రంతా ఎలా ఉండాలి? మరుగు ఏది? బిడ్డకు పాలు ఎక్కడ పట్టాలి? భర్త ఇంట్లో లేనప్పుడు ఎవరినడిగి గడప దాటాలి? ఉన్న ఒక్క ఆవునూ ఎవరికి వదలాలి?

గోడల మందం లెక్కకట్టిన ఇంజనీరు తన పని తాను సరిగానే చేశాడు. గాలి ఎంత వేగంతో వీస్తుందో అతనికి తెలుసు. ఆమె ఎందుకు రాదో మాత్రం ఆమెకే తెలుసు. తర్వాతి కాలంలో అక్కడ కట్టిన షెల్టర్లలో ఆడవాళ్ళకు వేరే గదులు, వేరే మరుగుదొడ్లు, పశువులకు ఎత్తైన చోటు ఏర్పాటు చేయడం మొదలైంది. హెచ్చరికలు చేరవేసే స్వచ్ఛంద కార్యకర్తల్లో ఆడవాళ్ళను పెంచారు.

మన వైపు మరో సంగతి తేలింది. తుఫానుకు మాత్రమే తెరిచే కట్టడం మామూలు రోజుల్లో పాడుబడిపోతుంది. తలుపులు తుప్పుపడతాయి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. అందుకే 2011 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో మొదలైన జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకంలో బహుళ ప్రయోజన షెల్టర్లకు ప్రాముఖ్యం ఇచ్చారు. వాటి బాగోగులు చూసే స్థానిక కమిటీలకూ చోటిచ్చారు. బడిగానో సభాస్థలంగానో రోజూ వాడే భవనానికి రోజూ చూసుకునే మనిషి ఉంటాడు. కష్టకాలంలో తలుపు తెరుచుకునేది ఆ భవనానిదే.

కరాచీలో ఒక సందు, ఈజిప్టులో ఒక ఊరు

ఇంకొంచెం దూరం వెళ్ళి రెండు అనుభవాలు చూద్దాం. ఒకటి ఫలించింది, ఒకటి తడబడింది.

కరాచీ అంచున ఓరంగీ అనే పెద్ద బస్తీ ఉంది. మురుగు వీధుల్లోనే పారేది. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అక్కడ ఓరంగీ పైలట్ ప్రాజెక్టు ప్రారంభించారు. ఆయన ఒకప్పుడు ఐసీఎస్ అధికారి, ఆ ఉద్యోగం వదులుకుని గ్రామాభివృద్ధిలోకి వచ్చినవారు. బస్తీ మొత్తాన్ని ఒకేసారి కూడగట్టడానికి ఆయన ప్రయత్నించలేదు. ఒక సందును, అంటే ఇరవై ముప్పై ఇళ్ళను, ఒక సంఘంగా తీసుకున్నారు. ఆ ఇళ్ళవాళ్ళు తమలో ఒకరిని ఎన్నుకుని, డబ్బు తామే పోగుచేసుకుని, గొట్టాలు తామే వేయించుకున్నారు. ప్రాజెక్టువాళ్ళు కొలతలు, ప్లాను, పనిముట్లు, మెళకువలు అందించారు. కాంట్రాక్టరు లాభం లేకపోవడం వల్ల, మ్యాన్‌హోళ్ళ నమూనాను తేలిక చేయడం వల్ల ఖర్చు బాగా దిగివచ్చింది. సందులోపలి పని జనానిది, సందు దాటాక పెద్ద కాలువల పని ప్రభుత్వానిది అని హద్దు గీశారు. ఒకరినొకరు ఎరిగిన ఇరవై ఇళ్ళు ఒక మాటమీదికి రాగలవు. రెండువేల ఇళ్ళ సభలో మైకు పట్టుకున్నవాడి మాటే మిగులుతుంది.

రెండోది ఈజిప్టు కథ. లక్సర్ దగ్గర గుర్నా అనే ఊరివాళ్ళు పురాతన సమాధుల మీదా పక్కనా ఇళ్ళు కట్టుకుని ఉండేవారు. ఆ ప్రాచీన సంపదతోనే వాళ్ళలో చాలామంది బతుకుతెరువు ముడిపడి ఉంది. వాళ్ళను అక్కడినుంచి ఖాళీ చేయించాలని ప్రభుత్వం నిశ్చయించి, కొత్త ఊరు కట్టే బాధ్యతను 1940లలో హసన్ ఫత్హీ అనే గొప్ప వాస్తుశిల్పికి అప్పగించింది. ఆయన పేదవాళ్ళను ప్రేమించినవాడు. పచ్చి ఇటుకలతో, స్థానిక మేస్త్రీల పనితనంతో, చల్లని గదులతో అందమైన ఊరు కట్టాడు. ఒక్కో కుటుంబం అవసరం తెలుసుకుని ఇల్లు కట్టాలన్నది ఆయన పట్టుదల. అయినా ఊరివాళ్ళలో ఎక్కువమంది అక్కడికి వెళ్ళలేదు.

ఎందుకు? ఇల్లు ఎలా ఉండాలో అడిగారు. అసలు ఊరు మారాలా వద్దా అన్నది ఎవరూ అడగలేదు. పెద్ద ప్రశ్నకు జవాబు ముందే తీర్మానించుకుని చిన్న ప్రశ్నలు మాత్రమే జనం ముందు పెడితే, ఎంత మంచి మనసుతో అడిగినా అది పూర్తి మష్వరా కాదు. గోడలకు ఏ రంగు వేద్దాం అని అడిగేముందు ఈ గోడ కావాలా అని అడగాలి.

మన పనికి అన్వయించి చూద్దాం

ఇప్పుడొక ఊహ. రేపల్లెలో ఒక మొహల్లాలో కుట్టు శిక్షణ కేంద్రం పెట్టాలని అనుకున్నామనుకుందాం. కమిటీ ఆలోచన ఇది: మేడమీద హాలు, ఇరవై మిషన్లు, ఉదయం పదినుంచి ఒంటిగంటవరకు తరగతి. ఇక్కడినుంచి ఒక్కో మెట్టూ ఎక్కుదాం.

మొదటి మెట్టు: జాబితా. వాడేవాళ్ళలో పెళ్ళికాని ఆడపిల్లలు, పసిబిడ్డల తల్లులు, ఇంట్లో ఇప్పటికే ఫాల్ కుట్టి నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్న ఆడవాళ్ళు ఉంటారు. నడిపేవాళ్ళలో నేర్పే టీచరు, తాళంచెవి ఉంచుకునే మనిషి ఉంటారు. ఇబ్బంది పడేవాళ్ళలో కింది ఇంటివాళ్ళు, వీధి చివర చిన్న దర్జీ ఉంటారు. దర్జీని శత్రువుగా చూడనక్కరలేదు. రేపు నేర్చుకున్న అమ్మాయికి పని ఇచ్చేది ఆయనే కావచ్చు.

రెండో మెట్టు: వాళ్ళ గడపకు మనమే వెళ్ళడం. ఆఫీసుకు పిలిస్తే మాటకారులే వస్తారు. ఇద్దరు మహిళా కార్యకర్తలు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇళ్ళకు వెళ్ళాలి. ఇంట్లో ఉర్దూలో మాట్లాడే పెద్దావిడతో ఉర్దూలో, తెలుగు అలవాటైన అమ్మాయితో తెలుగులో మాట్లాడాలి. 'సెంటర్ పెడితే వస్తారా?' అని అడగకూడదు. అందరూ మొహమాటానికి వస్తామనే అంటారు. 'ఖాలా, నిన్న పొద్దున లేచిన దగ్గరనుంచి ఏమేం చేశారు?' అని అడగాలి. అప్పుడు నిజమైన గడియారం బయటపడుతుంది. కుళాయి నీళ్ళు వచ్చేది పదింటికే కావచ్చు. పిల్లలు బడినుంచి భోజనానికి వచ్చేది పన్నెండున్నరకే కావచ్చు. అలాగైతే కమిటీ పెట్టిన వేళ ఎవరికీ కుదరదు.

మూడో మెట్టు: చేతికి అందేలా చూపించడం. ప్లాను కాగితం అందరికీ అర్థం కాదు. 1980లలో స్వీడన్‌లో అచ్చుపని కార్మికులకోసం కొత్త కంప్యూటర్ పరికరాలు రూపొందించినప్పుడు, పరిశోధకులు ముందుగా అట్టపెట్టెలతో ఉత్తుత్తి యంత్రాలు తయారుచేసి కార్మికులచేత వాటిముందు పనిచేయించి చూశారు. ఎక్కడ చేయి అందదో, ఎక్కడ కన్ను ఆనదో అప్పుడే తెలిసింది. మనకు అంతకంటే సులువైన సాధనం ముగ్గు. నేలమీద గది అసలు కొలతల్లోనే ముగ్గు పోయండి. మిషన్లున్నచోట పీటలు వేయండి. ఆడవాళ్ళను లోపలికి వచ్చి కూర్చోమనండి. వెలుతురు ఎడమవైపునుంచి రావాలని ఒకరంటారు. గుడ్డ పరచి కత్తిరించడానికి చోటేదని ఇంకొకరు అడుగుతారు. వాకిట్లోంచి నేరుగా కనపడకుండా తలుపు పక్కకు జరపమని మరొకరు చెబుతారు.

నాలుగో మెట్టు: విన్నదాన్నిబట్టి మార్చడం. ఇన్ని మాటలు విన్నాక మన ప్లాను ఇలా మారవచ్చు: మేడకు బదులు కిందిగది, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా రాగలుగుతారు. ఇరవై మామూలు మిషన్లకు బదులు పన్నెండు, మిగిలిన డబ్బుతో ఒక ఓవర్‌లాక్ మిషను, ఒక పీకో మిషను. బేరం వచ్చేది వాటికే. స్లాబులో ఒక ఉయ్యాల కొక్కెం. పసిబిడ్డ తల్లి రావడమూ రాకపోవడమూ ఆ కొక్కెంమీదే ఆధారపడి ఉండవచ్చు. దాని ఖరీదు తక్కువే. కాని స్లాబు వేసేరోజునే అది కడ్డీలకు కట్టి ఉండాలి. తర్వాత గుర్తొస్తే స్లాబుకు బెజ్జం పెట్టాలి. ముందే అడగడం ఎందుకో చెప్పడానికి మాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఐదో మెట్టు: తిరిగి వెళ్ళి చెప్పడం. ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీయండి. మొదటిదాంట్లో వచ్చిన మాట, రెండోదాంట్లో తీసుకున్న నిర్ణయం, మూడోదాంట్లో కారణం. 'మీరు అడిగిన కొక్కెం పెడుతున్నాం. అడిగిన ఏసీ పెట్టలేం, కరెంటు బిల్లు కట్టుకోలేం' అని ముఖంమీదే చెప్పాలి. కాదన్నందుకు జనం నొచ్చుకోరు. అడిగి, విని, మళ్ళీ కనపడకుండా పోయినందుకు నొచ్చుకుంటారు. అలా ఒకసారి జరిగితే రెండోసారి తలుపు తడితే ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

ఎదురయ్యే చిక్కులు

'ఇలా అయితే పనులు ఎప్పటికి తెమలాలి?' అని కొందరు పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక మొహల్లాలో ఇరవై ఇళ్ళు తిరగడానికి వారం పదిరోజులు పట్టవచ్చు. తప్పుగా కట్టిన గోడ పడగొట్టడానికీ, ఖాళీగా పడున్న గదికి ఏళ్ళతరబడి అద్దె కట్టడానికీ పట్టే కాలంతో పోల్చితే అది తక్కువే.

'నలుగురిని అడిగితే నలభై మాటలొస్తాయి' అన్నది రెండో అభ్యంతరం. నిజమే. అందుకే ఏది ఎవరి నిర్ణయమో ముందే చెప్పాలి. పునాది లోతు, కడ్డీల మందం, విద్యుత్ భద్రత ఇంజనీరు మాట ప్రకారం జరగాలి, అక్కడ ఓట్లు ఉండవు. మొత్తం ఖర్చు ఎంతన్నది కమిటీ చెప్పాలి. వేళలు, గది అమరిక, తలుపు ఎటువైపు, ఏ మిషన్లు అన్నవి వాడేవాళ్ళు తేల్చాలి. ఈ మూడు హద్దులూ మొదటిరోజే చెబితే సగం తగవులు పుట్టవు.

మూడో చిక్కు మర్యాదస్థులది. సభలో పెద్దమనిషి ఒకరు మాట్లాడగానే మిగతావాళ్ళు తలూపుతారు. దానికి మందు చిన్నగుంపులు. ఆడవాళ్ళు వేరుగా, కుర్రవాళ్ళు వేరుగా కూర్చోవాలి. పెద్దవాళ్ళు చివర మాట్లాడాలి. చదువురానివాళ్ళకు చింతగింజలు ఇచ్చి, ఏ ఏర్పాటు ముఖ్యమనుకుంటే ఆ బొమ్మమీద వేయమనవచ్చు. గింజ వేసింది ఎవరో ఎవరికీ తెలియదు.

నాలుగోది ఆశపెట్టడం. చేయగల పని గురించే అడగాలి. చేతిలో డబ్బు లేకుండా 'మీకేం కావాలి?' అని వీధి వీధి తిరగడం పేదవాళ్ళ సమయాన్ని దుబారా చేయడమే. కూలిపని మానుకుని కూర్చున్న మనిషికి ఆ పూట కూలి పోతుంది. అది కూడా ఆ పనికి అతడిచ్చిన చందాగానే లెక్కవేయాలి.

చర్చకు

ఈ పాఠం చదివి పక్కన పెట్టడానికి కాదు. మూడు ఊళ్ళ సభ్యులూ రాబోయే సంవత్సరానికి తలపెట్టిన పనుల్లో ఒక్కోదాన్ని ఎంచుకుని, కాగితం పెన్ను పట్టుకుని కూర్చుని కింది ప్రశ్నలకు జవాబులు రాయాలని కోరుతున్నాం.

1. ఈ పనిని వాడేవాళ్ళు, నడిపేవాళ్ళు, దీనివల్ల ఇబ్బంది పడేవాళ్ళు ఎవరు? వాళ్ళలో ఎంతమందితో ఇప్పటివరకు మాట్లాడాం?

2. ఈ పనిలో 'శివారు' ఎవరు? వాళ్ళ తరఫున నిర్ణయంలో కూర్చునేది ఎవరు?

3. ఏది మారకూడదని వాళ్ళు అంటున్నారు?

4. పెద్ద ప్రశ్నను, అంటే అసలు ఈ పని కావాలా అన్నదాన్ని, అడిగామా? లేక రంగు గురించి మాత్రమే అడుగుతున్నామా?

5. తర్వాత మార్చలేనివి ఏవి? వాటిని ఏ తేదీలోపు అడిగి తెలుసుకోవాలి?

6. మామూలు రోజుల్లో తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

రాసిన జవాబులను మూడు గళ్ళ నోటుబుక్కుతో సహా వచ్చే సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. జమాఖర్చుల పక్కనే వాటినీ చదువుకుందాం.